మీ వాహనం, మీ ప్రశ్న: కారు మిస్సింగ్ కొడుతున్నప్పుడు

వర్షాలు మొదలైన దగ్గర నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంజిన్ మిస్సింగ్ (సిలిండర్ సరిగా మండక ఇంజిన్ తడబడడం) గురించే ఉన్నాయి. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. మొదటి ప్రశ్నకు సమాధానం కొంచెం పొడవైనది. తక్కిన సమాధానాలకు అదే ఆధారం కనుక దానిని ముందుగా చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: మాది 2018 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. ఇప్పటికి 78 వేల కిలోమీటర్లు తిరిగింది. గత నెలలో కుటుంబంతో కోరాపుట్ వెళుతుండగా, సాలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు బండి కుదుపులు ఇవ్వడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పికప్ తగ్గిపోయింది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు ఆరుతూ వెలుగుతూ ఉండింది. కాసేపు ఆపి, వెనక్కి తిప్పుకుని నెమ్మదిగా దిగి వచ్చాము. అప్పటి నుంచి ఆ లైటు నిలకడగా వెలుగుతోంది. షెడ్డులో స్కానర్ పెట్టి పీ0302 అనే కోడ్ వచ్చిందని చెప్పారు. నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు, నాలుగు ఇంజెక్టర్లు మార్చాలని, 40 వేల రూపాయల దాకా అవుతుందని అన్నారు. అన్నీ మార్చక తప్పదా?
– ఒక ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

సమాధానం: అన్నీ మార్చవలసిన అవసరం ఇప్పటికైతే కనిపించడం లేదు. లోపం ఎక్కడుందో వెతకడానికి మీ కారు కంప్యూటర్ సగం దారి చూపించింది. మిగిలిన సగం వెతకకుండానే షెడ్డువారు ఖర్చు లెక్క వేశారు. పీ0302లోని చివరి అంకె సిలిండర్ సంఖ్యను తెలుపుతుంది. అంటే రెండో సిలిండర్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం సరిగా మండడం లేదని కంప్యూటర్ కనిపెట్టింది. పీ0301, పీ0303, పీ0304 అనే కోడ్‌లు ఇదే రీతిలో ఆయా సిలిండర్లను చూపిస్తాయి. పీ0300 వచ్చినప్పుడు మాత్రం తప్పు ఏదో ఒక సిలిండర్‌కు పరిమితం కాలేదని గ్రహించాలి. మీకు వచ్చింది ఒక్క సిలిండర్‌ను వేలు పెట్టి చూపించిన కోడ్. దానికి నాలుగు సిలిండర్ల సామాను మార్చడం ఏ విధంగానూ సమంజసం కాదు.

కంప్యూటర్ ఈ సంగతిని ఎలా తెలుసుకుంటుందో అర్థమైతే కోడ్‌ను ఎంతవరకు నమ్మవచ్చో కూడా అర్థమవుతుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంక్ షాఫ్టుతో పాటు తిరిగే పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. దాని ఎదుట ఉన్న సెన్సర్ ఒక్కొక్క పన్ను దాటిపోవడానికి పట్టిన కాలాన్ని కొలుస్తూ ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ అరచుట్టు తిరిగిన ప్రతిసారీ ఏదో ఒక సిలిండర్ మండి దానిని ముందుకు తోస్తుంది. 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) వద్ద ఒక్కొక్క సిలిండర్ సెకనుకు 25 సార్లు మండుతుంది. వాటిలో ఒకటి మండకపోతే, పల్లకీ మోసే నలుగురు బోయీలలో ఒకరి అడుగు తడబడినట్లు, ఆ క్షణంలో క్రాంక్ వేగం రవ్వంత పడిపోతుంది. ఆ తగ్గుదల ఏ సిలిండర్ వంతులో వచ్చిందో లెక్కపెట్టి, ఒక హద్దు దాటిన తరువాత కంప్యూటర్ కోడ్ నమోదు చేస్తుంది. కనుక ఆ కోడ్ చెప్పేది ‘ఈ సిలిండర్ తన వంతు తోయలేదు’ అన్నంత మాత్రమే. ప్లగ్గుకు అధిక వోల్టేజీ ఇచ్చే కాయిల్ కాలిపోయిందనో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మూసుకుపోయిందనో, వాల్వు కాలిందనో అది చెప్పదు. అది తేల్చవలసినది మెకానిక్.

పరీక్షల సంగతి చెప్పే ముందు, ఘాట్‌లో మీరు చూసిన మినుకుమనే లైటు గురించి కొంత చెప్పాలి. ఈ విషయంలో అశ్రద్ధ చేసి పెద్ద ఖర్చు తెచ్చుకున్నవారు చాలామంది ఉన్నారు. ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే త్వరలో షెడ్డుకు తీసుకువెళ్ళమని అర్థం. ఆరుతూ వెలుగుతూ ఉంటే, ఆ క్షణంలోనే, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ దెబ్బతినే స్థాయిలో మిస్సింగ్ జరుగుతోందని అర్థం. సిలిండర్‌లో మండని పెట్రోలు అలాగే ఎగ్జాస్టులోకి పోయి, కన్వర్టర్‌లోని సన్నని గదుల పింగాణీ దిమ్మలో మండుతుంది. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల మధ్య పనిచేసే ఆ దిమ్మ అప్పుడు అంతకు ఎంతో మించి వేడెక్కుతుంది, చివరకు కరిగి ముద్ద కట్టి పొగ దారినే మూసివేయగలదు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాల పూత ఉంటుంది కనుక దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు ఏమాత్రమూ కాదు. మీరు బండి ఆపి వెనక్కి దిగి రావడం చాలా మంచి పని. ఇకముందు ఎవరికైనా లైటు మినుకుమంటే వెంటనే యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, భద్రమైన చోట పక్కకు తీసి ఆపాలి. తిరిగి స్టార్ట్ చేసినా మినుకుమంటూనే ఉంటే లారీ మీద ఎక్కించి తీసుకురావడమే నయం.

ఘాట్ మీదనే ఎందుకు వచ్చింది, సాలూరు దాకా సాఫీగానే నడిచింది కదా అన్న సందేహం మీకు కలిగి ఉంటుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లోకి ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు వెళ్ళి, మిశ్రమం బాగా బిగుసుకుని ఉంటుంది. అంత ఒత్తిడిలో ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకాలంటే చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్‌లోగాని, దాని కింది రబ్బరు తొడుగులోగాని ఇన్సులేషన్ బలహీనంగా ఉంటే, ఆ వోల్టేజీ ప్లగ్గు కొన దాకా పోకుండా దగ్గరి ఇనుములోకి దూకేస్తుంది. చదునైన రోడ్డు మీద మెల్లగా పోతున్నప్పుడు తక్కువ వోల్టేజీ చాలు కనుక ఆ లోపం బయటపడదు. అందుచేత బరువు పడినప్పుడే వచ్చే మిస్సింగ్‌కు ముందుగా అనుమానించవలసినవి కాయిల్, ప్లగ్గు. పెట్రోలు సరఫరా చాలకపోయినా ఎత్తు మీదనే తెలుస్తుందిగాని, పంపు బలహీనపడితే సాధారణంగా అన్ని సిలిండర్లూ బాధపడతాయి. ఒక్క రెండో సిలిండర్ పేరు మాత్రమే రావడం పంపు వైపు చూపించదు.

ఇప్పుడు చేయవలసిన పరీక్ష. కోడ్ చెరపడానికి ముందు, అది నమోదైన క్షణంలో బండి వేగం, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి, లోడు ఎంత ఉన్నాయో కారు కంప్యూటర్‌లో భద్రమై ఉంటాయి, స్కానర్‌తో చూడవచ్చు. వాటిని కాగితం మీద రాసుకోవాలి, లేదా ఫోనుతో ఫొటో తీసుకోవాలి. చెరిపిన తరువాత అవి తిరిగి రావు. ఆ పిమ్మట ఇంజిన్ చల్లబడనిచ్చి, తాళం తీసి, రెండో సిలిండర్ మీది కాయిల్‌ను మూడో దాని మీదకు, మూడో దానిని రెండో దాని మీదకు మార్చి పెట్టాలి. చాలా కార్లలో ఒక కనెక్టర్ ఊడదీసి, ఒక చిన్న బోల్టు విప్పి, కాయిల్‌ను కొద్దిగా తిప్పుతూ పైకి లాగితే వచ్చేస్తుంది. సిలిండర్ల లెక్క చాలా ఇంజిన్లలో బెల్టు పుల్లీలు ఉన్న వైపు నుంచి మొదలవుతుంది. అయినా మీ బండి పుస్తకంలో సరిచూసుకోండి. కోడ్ చెరిపి, ఏదైనా ఓవర్‌బ్రిడ్జి మీద పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంతో, కాస్త గట్టిగా తొక్కి నడిపించండి. లైటు మినుకుమన్న వెంటనే ఆపివేయండి, అంతకు మించి నడపనక్కరలేదు. ఈసారి పీ0303 వస్తే తప్పు కాయిల్‌తో పాటు కదిలింది కనుక, మార్చవలసినది ఆ ఒక్క కాయిల్. మళ్ళీ పీ0302 వస్తే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్గులను ఇదే విధంగా మార్చి చూడాలి. రెండింటినీ ఒకేసారి మార్చకూడదు. మారిస్తే కోడ్ కదిలినా దేనివల్ల కదిలిందో తెలియదు. ఈ పరీక్షకు కొత్త సామాను ఏదీ కొననక్కరలేదు. మీరు దగ్గర నిలబడి చేయించుకోగలిగితే ఇంకా మంచిది. నిజాయితీగల మెకానిక్ ఎవరూ దీనికి అభ్యంతరం చెప్పరు.

కాయిల్ తీసినప్పుడే ప్లగ్గు గొట్టంలోకి టార్చి వేసి చూడండి. అందులో ఆయిల్ నిలిచి ఉంటే టాపెట్ కవర్ గ్యాస్కెట్‌లోనో, గొట్టం చుట్టూ ఉండే సీలులోనో కారుడు ఉన్నట్లు. ఆ ఆయిల్‌లో నానిన రబ్బరు తొడుగు ఉబ్బి మెత్తబడి కరెంటును పక్కకు వదులుతుంది. గ్యాస్కెట్ మార్చకుండా కాయిల్ మాత్రం మారిస్తే కొత్త కాయిల్‌కూ అదే గతి పడుతుంది. ప్లగ్గును బయటకు తీశాక పగటి వెలుతురులో మెల్లగా తిప్పుతూ తెల్లటి పింగాణీ భాగాన్ని పరిశీలించండి. పై నుంచి కిందకు తలవెంట్రుకంత సన్నని నల్లని గీత కనిపిస్తే, కరెంటు ప్లగ్గు లోపలి నుంచి కాక ఆ గీత వెంట బయటి నుంచి పారుతోందన్నమాట. గుడ్డతో తుడిస్తే ఆ గీత పోదు. తొడుగు లోపలి గోడ మీద, సరిగ్గా అదే ఎత్తులో, ఒక బూడిదరంగు చార కూడా ఉంటుంది. ఆ జత కనిపించినప్పుడు ప్లగ్గును, తొడుగును రెండింటినీ మార్చాలి. ఒకటి ఉంచితే రెండోది త్వరలోనే పాడవుతుంది.

ప్లగ్గు మండే కొన కూడా చాలా సంగతులు చెబుతుంది. లేత గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్లమసి పెట్రోలు ఎక్కువవుతోందని, లేదా నిప్పురవ్వ బలహీనంగా ఉందని సూచిస్తుంది. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే ఇంధనం వస్తోంది, మంట మాత్రం లేదు. నూనె జిడ్డు ఉంటే పిస్టన్ రింగుల నుంచో, వాల్వు సీళ్ళ నుంచో ఆయిల్ లోపలికి వస్తోంది. నాలుగు ప్లగ్గులనూ సిలిండర్ వరుసలో ఒక అట్ట మీద పేర్చి, పక్కపక్కన పోల్చి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మీ 78 వేల కిలోమీటర్లలో ప్లగ్గులు ఒక్కసారి కూడా మార్చి ఉండకపోతే, ఈ సందర్భంలో నాలుగూ మార్చడం న్యాయమైన ఖర్చే. మామూలు నికెల్ ప్లగ్గులకు 30, 40 వేల కిలోమీటర్లు, ఇరిడియం ప్లగ్గులకు సుమారు లక్ష కిలోమీటర్లు ఆయుర్దాయం. అరిగిన ప్లగ్గులో కొనల మధ్య ఖాళీ పెరిగి, దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావలసి వచ్చి, ఆ భారం కాయిల్ మీద పడుతుంది. పాత ప్లగ్గులను ఉంచి కొత్త కాయిల్ పెట్టిన చోట అది తొందరగా పోవడానికి ఇదే కారణం. బండి పుస్తకంలో చెప్పిన నంబరు ప్లగ్గులే తీసుకోండి. కింద పడిన ప్లగ్గును, పైకి పగులు కనిపించకపోయినా, బిగించవద్దు. ఇంజిన్ హెడ్ అల్యూమినియం కనుక ముందుగా చేతితోనే మరలు పట్టించి, చివరన పుస్తకంలో ఇచ్చిన బిగువు మేరకు టార్క్ స్పానర్‌తో బిగించాలి. అడ్డంగా పట్టిన మర తెగితే హెడ్ దించవలసి వస్తుంది.

కాయిల్, ప్లగ్గు మార్చి చూసినా కోడ్ రెండో సిలిండర్‌ను వదలకపోతే అప్పుడు ఇంజెక్టర్ వంతు. ఇంజిన్ నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజెక్టర్ మీద ఆనించి పిడిని చెవికి ఆనించుకుంటే టిక్ టిక్ చప్పుడు వినిపించాలి. తిరిగే బెల్టులకు దూరంగా ఉండి ఈ పని చేయాలి. నాలుగింటి చప్పుడూ ఒకేలా ఉండాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మిస్సింగ్ మరీ ఎక్కువైతే కొన్ని కార్లలో కంప్యూటరే ఆ సిలిండర్‌కు పెట్రోలు ఆపివేస్తుంది. అప్పుడు చప్పుడు లేకపోవడం చూసి ఇంజెక్టర్ చచ్చిపోయిందని పొరబడవచ్చు. తాళం ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసిన వెంటనే వినాలి. మల్టీమీటర్‌తో కొలిస్తే సాధారణ పోర్ట్ ఇంజెక్టర్లలో నిరోధం సుమారు 12 నుంచి 16 ఓంల మధ్య ఉంటుంది. నాలుగింటిలో ఒకటి మిగతా వాటికి దూరంగా ఉంటే అది దోషి. చప్పుడూ, నిరోధమూ బాగుండి కూడా పెట్రోలు చిమ్మే తీరు చెడిపోయి ఉండవచ్చు. దానికి ఇంజెక్టర్లను దించి బెంచి మీద శుభ్రం చేయించి, చిమ్ముడు చూపించమని అడగాలి. చాలా సందర్భాలలో శుభ్రతతోనే సరిపోతుంది.

నిప్పురవ్వ, పెట్రోలు రెండూ సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ వేడిగా, బ్యాటరీ నిండుగా ఉండాలి. కాయిల్స్, ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి, అన్ని ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టాలి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఒక బార్‌కు మించకుండా ఉండడం మంచిది. రెండోది బాగా తక్కువ చూపితే అందులో ఒక టీ చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే రింగులను, పెరగకపోతే వాల్వులనో, హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలి. మీ బండికి ఇంత దూరం రాదనే నా నమ్మకం. మీరు రాసిన లక్షణాలన్నీ కాయిల్, ప్లగ్గు జత వైపే మొగ్గుతున్నాయి.

ప్రశ్న: మా ఇల్లు బారువ సముద్రతీరానికి దగ్గరలో ఉంది. వర్షం పడిన మరునాడు ఉదయం కారు స్టార్ట్ చేస్తే పది నిమిషాల దాకా వణుకుతూ మిస్సింగ్ కొడుతుంది, తరువాత దానంతట అదే సర్దుకుంటుంది. ఒకసారి పీ0300, ఒకసారి పీ0304 వచ్చాయి. ప్లగ్గులు, కాయిల్స్ కొత్తవే.
– ఒక పాఠకురాలు, సోంపేట మండలం

సమాధానం: మీ ఉత్తరంలో మూడు అనుమానాలకు తావుంది. మొదటిది తేమ. ఇంజిన్ వేడెక్కగానే లోపం మాయమవుతోందంటే ఎక్కడో తడి చేరి, వేడికి ఆరిపోతోంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఈ పనిని మరింత సులభం చేస్తుంది. కాయిల్ కనెక్టర్లను ఒక్కొక్కటే విప్పి లోపలి పిన్నులను చూడండి. పచ్చటి చిలుము పట్టి ఉంటే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, రబ్బరు సీలు చెక్కుచెదరకుండా ఉందో లేదో పరిశీలించండి. ఇంజిన్ నుంచి బాడీకి, బ్యాటరీకి పోయే ఎర్త్ వైరును మరచిపోవద్దు. పైకి బిగువుగానే కనిపిస్తుందిగాని, వైరు చివరనున్న లోహపు లగ్గు కింద ఉప్పు పొలుసు కట్టి ఉంటుంది. మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని ఇంజిన్ దిమ్మ మీద ఆనించి సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ బాగా లేదన్నమాటే. బోల్టు విప్పి, ఇనుము మెరిసేలా గీకి, బిగించి, పైన గ్రీజు పూయాలి. తీరప్రాంత మండలాలలోని బండ్లకు ఇది తరచుగా చేయించదగిన పని, ఖర్చు కూడా నామమాత్రమే.

రెండోది ఎలుకలు. వానకాలంలో తోటల నుంచి, పొలాల నుంచి వచ్చి వెచ్చగా ఉన్న ఇంజిన్ మీద చేరతాయి. ఇంజెక్టర్లకు, కాయిల్స్‌కు పోయే సన్నని వైర్లు వాటికి సులభంగా అందుతాయి. ఇంజిన్ వెనుక గోడ వైపు, పైకి కనిపించని చోట, వైరు తొడుగు కొరికి రాగి తీగ బయటపడి ఉంటే తడి తగిలినప్పుడల్లా షార్ట్ అవుతుంది. అద్దం, టార్చి పెట్టి ఆ భాగమంతా చూడమనండి. కొరికిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం తాత్కాలికమే. సోల్డరింగ్ చేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి.

మూడోది అరుదైనదే కాని అన్నిటికంటె ప్రమాదకరం. హెడ్ గ్యాస్కెట్‌లో సన్నని కారుడు ఉంటే రాత్రంతా కూలెంట్ బొట్లు బొట్లుగా ఒక సిలిండర్‌లోకి దిగి, ఉదయం ఆ సిలిండర్ కొంతసేపు మండదు. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ డబ్బాలో మట్టం గుర్తు పెట్టుకుని కొన్ని వారాలు గమనించండి. బయట ఎక్కడా కారుడు కనిపించకుండా మట్టం తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంటే ఆలస్యం చేయకుండా కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ పరీక్ష చేయించండి. పీ0304 తరచుగా తిరిగి వస్తుంటే ఈ అనుమానం బలపడుతుంది. వర్షాకాలం కనుక ఇంకొక్క మాట. వంశధార, నాగావళి, బాహుదా పొంగినప్పుడు నీటిలో బండి ఆగిపోతే, ఎయిర్ ఫిల్టర్ విప్పి తడిసిందో లేదో చూడకుండా సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఆ తరువాత మిగిలేది ఇంజిన్ ఓవర్‌హాలే.

ప్రశ్న: మా కారు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు మాత్రమే మిస్సింగ్ కొడుతుంది, రోడ్డెక్కితే బాగుంటుంది. పీ0300తో పాటు పీ0171 కూడా వచ్చింది. ప్లగ్గులు మార్చినా ఫలితం లేదు.
– ఒక పాఠకుడు, రాజాం

సమాధానం: పీ0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతోందని. అది ఐడిల్‌లోనే, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడే, బాధిస్తోంది కనుక, గాలి ప్రవేశాన్ని అదుపు చేసే థ్రాటిల్ దాటిన తరువాత ఎక్కడో లెక్కకు రాని గాలి లోపలికి చొరబడుతోందని భావించవచ్చు. చిన్న రంధ్రమైనా ఐడిల్‌లో దాని వాటా పెద్దది. 2500 ఆర్‌పీఎం వద్ద లోపలికి వెళ్ళే మొత్తం గాలిలో అదే రంధ్రం లెక్కలోకి రాదు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో తెలిపే అంకె) చూపించమనండి. ఐడిల్‌లో ప్లస్ 20 శాతం దాకా ఉండి, ఆర్‌పీఎం పెంచితే 5 శాతం లోపునకు దిగితే ఇదే కారణం. వెతకవలసిన చోట్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్, బ్రేక్ బూస్టర్ గొట్టం, క్రాంక్‌కేస్ పొగను తిరిగి లోపలికి పంపే పీసీవీ గొట్టం. ఎండకు, వేడికి పెళుసెక్కిన ఈ గొట్టం అడుగు వైపు, వంపు దగ్గర చీలుతుంది, పై నుంచి చూస్తే కనిపించదు. పొగ యంత్రం ఉన్న షెడ్డులో పరీక్షిస్తే పొగ ఎక్కడ బయటకు వస్తే అక్కడే చీలిక. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిలకరించి వెతికే పద్ధతిని దయచేసి అనుమతించవద్దు, మంటలు లేస్తాయి.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఒకటుంది. నిప్పురవ్వ లేక మండని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ అంతా ఎగ్జాస్టులోకి వస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ దానిని చూసి గాలి ఎక్కువైందని నివేదిస్తుంది. అప్పుడు పీ0171 మిస్సింగ్‌కు కారణం కాదు, ఫలితం. అలాంటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. మీ బండిలో ప్లగ్గులు కొత్తవి, లోపం ఐడిల్‌కే పరిమితం కనుక గాలి చొరబాటే మొదట చూడాలి.

ప్రశ్న: కంపెనీ నుంచి సీఎన్‌జీతో వచ్చిన కారు. పెట్రోలు మీద చక్కగా నడుస్తుంది. సీఎన్‌జీకి మార్చి టెక్కలి నుంచి పలాస వైపు హైవే మీద వేగం పెంచితే కుదుపులు వస్తున్నాయి. గ్యాస్ కిట్టు పాడైందా?
– ఒక పాఠకుడు, టెక్కలి

సమాధానం: కిట్టును అనుమానించే ముందు ప్లగ్గులను చూడండి. సీఎన్‌జీ మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోలు కంటె ఎక్కువ వోల్టేజీ అవసరం. పెట్రోలు మీద ఇంకా నెట్టుకొస్తున్న అరిగిన ప్లగ్గు, అలసిన కాయిల్ సీఎన్‌జీలోనే మొదట పట్టుబడతాయి. సీఎన్‌జీ బండ్లకు ప్లగ్గులు పెట్రోలు బండ్ల కంటె త్వరగా మార్చాలి, కొనల మధ్య ఖాళీ తయారీదారు చెప్పినంతే ఉండాలి. తరువాత ఎయిర్ ఫిల్టర్, గ్యాస్ లో-ప్రెషర్ ఫిల్టర్ చూడండి. వేడెక్కిన కొద్దీ లోపం పెరిగి, ఐడిల్‌లో కూడా వణుకు మొదలైతే వాల్వు క్లియరెన్స్ (వాల్వుకూ దానిని తోసే భాగానికీ మధ్య ఖాళీ) కొలిపించాలి. సీఎన్‌జీ పొడి ఇంధనం కనుక వాల్వు సీట్లు అరిగి, ఖాళీ తగ్గి, వేడిలో వాల్వు పూర్తిగా మూసుకోదు. అలా చాలాకాలం నడిపితే వాల్వు కాలిపోతుంది. రెగ్యులేటర్‌ను, గ్యాస్ పైపులను మాత్రం మామూలు షెడ్డులో విప్పనివ్వకండి. గ్యాస్ సిలిండర్ నిండినప్పుడు లోపల 200 బార్ ఒత్తిడి ఉంటుంది. అది అనుమతి ఉన్న కేంద్రంలోనే జరగవలసిన పని.

ప్రశ్న: 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లనే మా 2016 మోడల్ కారు మిస్సింగ్ కొడుతోందని అందరూ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: నేరుగా కాదు. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కంటె సుమారు మూడో వంతు తక్కువ కనుక, 20 శాతం కలిపినప్పుడు ఇంధనంలోని శక్తి 6, 7 శాతం తగ్గుతుంది. ఆక్సిజన్ సెన్సర్ సాయంతో కంప్యూటర్ ఇంజెక్టర్లను ఇంకొంచెం సేపు తెరిచి ఆ లోటును సర్దుతుంది. మైలేజీ తగ్గడం సహజమేగాని, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ అంత మాత్రాన మిస్ కాదు. అయితే పంపు బలహీనపడి, ఫిల్టర్ మూసుకుపోయి, ఇప్పటికే అంచున ఉన్న బండిలో ఈ అదనపు అవసరం లోపాన్ని బయటపెట్టగలదు. దానికి పెట్రోలును నిందించి ఊరుకుంటే అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

ఇథనాల్‌కు నీటిని పీల్చే గుణం ఉంది. బండిని నెలల తరబడి నిలిపివేస్తే, లేదా ట్యాంకులోకి వాననీరు చేరితే, నీరూ ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. పంపు లాగేది అడుగు నుంచే. అప్పుడు మిస్సింగ్ తప్పదు. షెడ్డులో, మంటకు దూరంగా, ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోలు గాజుసీసాలోకి తీయించి గంటసేపు కదపకుండా ఉంచితే, రెండు పొరలుగా విడిపోయిందో లేదో కంటికే కనిపిస్తుంది. విడిపోతే ట్యాంకు ఖాళీ చేయించి కడిగించాలి. అలాగే మీ బండి 2023కు ముందుది కనుక, ఏ ఇంధనానికి తగినదో పుస్తకంలోనూ ట్యాంకు మూత లోపలి వైపూ చూసి, పెట్రోలు గొట్టాల రబ్బరు మెత్తబడడం, పగలడం జరుగుతోందేమో సర్వీసులో పరీక్షించమనండి.

ప్రశ్న: మా మెకానిక్ ఇంజిన్ నడుస్తుండగా ఒక్కొక్క ప్లగ్గు వైరు లాగి ఏ సిలిండర్ పని చేయడం లేదో చెప్పేస్తాడు. కొత్త కార్లకు అది పనికిరాదంటున్నాడు మా అబ్బాయి.
– ఒక పాఠకుడు, నరసన్నపేట

సమాధానం: మీ అబ్బాయి చెప్పింది సరైనది. చెవితో, చేతితో లోపం పట్టగలిగిన ఆ అనుభవం గొప్పదే, దానిని తక్కువ చేయకూడదు. కాని ఇప్పటి కాయిల్స్‌లో 20 నుంచి 40 వేల వోల్టులు పుడతాయి. నడుస్తుండగా లాగితే మనిషికి ప్రమాదం, కాయిల్‌కూ కంప్యూటర్‌కూ ప్రమాదం, మండని పెట్రోలు కన్వర్టర్‌లో పడడం ఇంకొకటి. అదే పరీక్షను స్కానర్ ఒక్కొక్క ఇంజెక్టర్‌ను ఆపి చేస్తుంది. ఆపినా ఇంజిన్ చప్పుడు ఏమీ మారని సిలిండర్ ఏదైతే అదే దోషి. ఆ చప్పుడు తేడా పట్టడానికి మీ మెకానిక్ చెవి ఇప్పటికీ పనికి వస్తుంది.

ప్రశ్న: కొత్తగా కొన్న మూడు సిలిండర్ల కారు ఐడిల్‌లో కొంచెం వణుకుతుంది. ఇది మిస్సింగేనా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: లైటు వెలగకుండా, వణుకు ఒకే లయలో ఉండి, వేగం పెరగగానే పోతే అది మూడు సిలిండర్ల ఇంజిన్‌కు సహజమైన కదలికే. లయ తప్పి అప్పుడప్పుడు ఒక కుదుపు వస్తుంటే వారంటీలో ఉండగానే స్కానర్‌లో మిస్‌ఫైర్ లెక్కలు చూపించమని సర్వీసు కేంద్రాన్ని కోరండి. లైటు వెలగకపోయినా చాలా బండ్లలో ఆ లెక్కలు సిలిండర్ వారీగా నమోదై ఉంటాయి. ఇంజిన్ మౌంట్లు కూడా చూపించండి.

ప్రశ్న: డీజిల్ బండికి ప్లగ్గులు, కాయిల్స్ లేవు కదా, మిస్సింగ్ కొడితే ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, పలాస

సమాధానం: డీజిల్‌లో నిప్పురవ్వ లేదు, ఒత్తిడి వేడికే ఇంధనం మండుతుంది కనుక మిగిలినవి ఇంజెక్టర్, కంప్రెషన్ రెండే. చలి ఉదయాలలో మాత్రమే తెల్లపొగతో మిస్ అయితే, స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్‌ను వేడిచేసే గ్లో ప్లగ్గులు చూడాలి. అన్ని వేళలా అయితే స్కానర్‌లో ఇంజెక్టర్ కరెక్షన్ అంకెలు (ఒక్కొక్క సిలిండర్‌కు కంప్యూటర్ డీజిల్‌ను ఎంత సర్దుతోందో తెలిపేవి) అడగండి. తక్కిన వాటికి దూరంగా ఉన్న సిలిండర్ మీద అనుమానం పెట్టాలి. తరువాత ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలు విప్పి, ఒక్కొక్క దానికి ఒక చిన్న సీసా తగిలించి, ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడిపితే, ఏ సీసాలో డీజిల్ మిగతా వాటికంటె ఎంతో ఎక్కువ చేరిందో ఆ ఇంజెక్టర్ లోపల కారుతోందన్నమాట. ఇంజెక్టర్లకు అధిక ఒత్తిడితో డీజిల్ పంపే కామన్ రైల్ పైపుల నట్లను మాత్రం ఇంజిన్ నడుస్తుండగా వదులు చేయనివ్వవద్దు. ఆ పైపులలో వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడి ఉండగలదు, సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. కొత్త ఇంజెక్టర్ వేసిన తరువాత దాని మీద ముద్రించి ఉన్న కోడ్‌ను కంప్యూటర్‌లో నమోదు చేయించడం అవసరమైన బండ్లు చాలా ఉన్నాయి. అది చేయకపోతే కొత్త ఇంజెక్టర్‌తో కూడా వణుకు పోదు.